ముప్పయ్యా, మూడు వందలా? ఎర్త్ ఫాల్ట్‌ను పట్టే పరికరాల్లో ఎవరికి ఏది

హన్మకొండ చౌరస్తాలో ఏ ఎలక్ట్రికల్ దుకాణం ముందు నిలబడినా వినిపించే మాట ఒకటుంది: "ఒక ఈఎల్‌సీబీ ఇవ్వండి, నలభై ఆంపియర్లది." కరెంటు దారి తప్పి నేలలోకి కారినప్పుడు, అంటే ఎర్త్ ఫాల్ట్ వచ్చినప్పుడు, సరఫరా తెంచే పరికరం అది. దుకాణదారు డబ్బా తీసి ఇస్తాడు, కొనేవారు డబ్బులిచ్చి వెళ్లిపోతారు. ఆ డబ్బా మీద 40 పక్కనే ఇంకో అంకె ఉంటుంది. 30 అనో, 100 అనో, 300 అనో, మిల్లీ ఆంపియర్లలో. మనిషి ప్రాణంతో సంబంధం ఉన్న అంకె అదే. ఇన్నేళ్ల వైరింగ్ కాంట్రాక్టు పనిలో దాన్ని అడిగి కొన్నవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

కిందటి వానాకాలం ఒక రిటైర్డ్ మాస్టారు ఇంటికి పిలిచారు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చురుక్కుమంటోందని ఫిర్యాదు. "ఈఎల్‌సీబీ పెట్టించాను కదా, మరి ఇదేమిటి?" అని ఆయన ప్రశ్న. బోర్డు తెరిచి చూశాను. పరికరం ఉంది, మంచిదే, పని చేస్తోంది కూడా. కాకపోతే అది 300 మిల్లీ ఆంపియర్లది. ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసినతను "30 పెడితే ఊరికే పడిపోతుంది సార్, 300 అయితే గొడవ ఉండదు" అన్నాడట. గొడవ ఉండదన్నది నిజమే. మనిషి పోయినా అది కదలకపోవచ్చు, అంతే.

న్యాయంగా చెప్పాలంటే ఫ్రిజ్ చురుక్కుమనడానికి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు చాలు. దానికి 30 పెట్టినా పడదు. అక్కడ అసలు లోపం సాకెట్ వెనక ఊడిపోయిన ఎర్త్ తీగ. కానీ బోర్డులో ఆ 300 చూశాక నాకు మిగతా ఇల్లంతా అనుమానమే అయింది. ఆ ఇంటి సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ పరికరాల్లో ఏది దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో తెలియాలి. ఎంపిక అంతా అక్కడే ఉంది. ఏ కంపెనీ అన్నది చాలా తర్వాతి ప్రశ్న.

ఎంసీబీ ఎందుకు చాలదు

షాక్ వస్తే ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తెంచే మామూలు బ్రేకర్, పడిపోతుందని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూద్దాం. గీజర్ లోపల ఫేజ్ తీగ ఊడి రేకుకు తగిలింది. ఆ కరెంటు రేకు నుంచి ఎర్త్ తీగ మీదుగా మీ ఇంటి ఎర్త్ గుంతలోకి దిగి, మట్టిలోంచి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్‌కు చేరితేనే దాని చుట్టు పూర్తవుతుంది. ఎండాకాలంలో మన చెలక నేలల్లో, నీళ్ల ముఖం చూడని ఎర్త్ గుంత 20 ఓమ్‌లు చూపించడం వింతేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు 5 అనుకుందాం. మొత్తం 25. 230 వోల్టులను 25తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. గీజర్‌కు పెట్టింది 16 ఆంపియర్ల ఎంసీబీ. తొమ్మిది ఆంపియర్లంటే దానికి మామూలు లోడు, రోజంతా మోస్తుంది. సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని రేటింగుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. ఈలోగా గీజర్ రేకు మీద ఎంత ఉంటుంది? 9.2ను 20తో హెచ్చిస్తే 184 వోల్టులు. ఎర్తింగ్ పెట్టించుకున్న ఇంట్లో సంగతి ఇది.

ఎర్త్ గుంత ఉంటే చాలు, ఈ పరికరాలెందుకు అనేవారికి నా జవాబు ఈ లెక్కే. పరికరం ఉంటే చాలు, ఎర్త్ గుంత ఎందుకు అనేవారికీ జవాబు ఉంది. ఎర్త్ తీగ లేని ఇంట్లోనూ ఆర్‌సీసీబీ (దుకాణంలో ఈఎల్‌సీబీ అని ఇచ్చేది ఇదే) పనిచేస్తుంది, కానీ కరెంటు పోవడానికి దారి దొరికేదాకా కదలదు. ఆ దారి మీ చెయ్యే అవుతుంది. షాక్ తగిలాక పడుతుంది. ఎర్త్ తీగ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది.

ఈ తొమ్మిది ఆంపియర్లు మీ మీటరులోంచి కూడా పోతాయి. అంటే గంటకు దాదాపు రెండు యూనిట్లు మట్టిలో పోస్తున్నారు. చాలా ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఎర్త్ గుర్తుతో ఒక చిన్న లైటు ఉంటుంది. ఫేజ్‌లో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు కలవకపోతే అది వెలుగుతుంది. పైసా ఖర్చు లేకుండా మీ గోడకు ఉన్న ఎర్త్ ఫాల్ట్ సూచిక అది. బిల్లు ఎక్కువొచ్చిందని మీటరును తిట్టే ముందు ఆ లైటు వంక ఒకసారి చూడండి. పక్క ఇంటితో న్యూట్రల్ కలిసినా అది వెలుగుతుంది కాబట్టి, లైటు వెలిగితే షాక్ ఉన్నట్టే అనుకోవద్దు. లోపం ఉన్నట్టు మాత్రం అనుకోవచ్చు.

ఈఎల్‌సీబీ అని అడిగితే వచ్చేది

పేరు గురించి ఒక మాట. అసలు ఈఎల్‌సీబీ అనేది పాత రకం. పరికరం రేకుకూ ఎర్త్ గుంతకూ మధ్య ఒక చుట్ట ఉండేది. రేకు మీద యాభై వోల్టుల దాకా లేస్తే ఆ చుట్ట లాగి సరఫరా తెంచేది. కరెంటు దాని గుండా వెళితేనే తెలిసేది. నీళ్ల గొట్టం మీదుగానో, మనిషి మీదుగానో వేరే దారిన నేలకు చేరితే దానికి ఏమీ తెలియదు. అందుకే ఆ రకం పోయింది, పేరు మాత్రం దుకాణాల్లో మిగిలింది. ఇప్పుడు ఆ పేరుతో ఇచ్చేది ఆర్‌సీసీబీ. డబ్బా మీద ఐఎస్ 12640 ముద్ర ఉందో లేదో చూసుకోండి.

ఆర్‌సీసీబీ పని తీరు చాలా సులువు. లోపల ఒక అయస్కాంత లోహపు ఉంగరం. ఫేజ్, న్యూట్రల్ రెండూ అందులోంచే దూరి వెళతాయి. ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర కాపలాదారును ఊహించుకోండి. లోపలికి ఎన్ని బస్తాలు పోయాయి, బయటికి ఎన్ని వచ్చాయి అన్నదే అతని లెక్క. వంద పోయినా, వెయ్యి పోయినా అతనికి పట్టదు. తేడా వస్తేనే గేటు మూస్తాడు. పోయిన కరెంటు, వచ్చిన కరెంటు సమానమైతే ఉంగరంలో వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాస్త కరెంటు నేల దారి పట్టిందా, ఆ మేరకు మిగిలిన ప్రభావం ఉంగరం మీది చిన్న చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుంది, దానితో ట్రిప్ కొక్కెం జారుతుంది.

అందుకే అది చూడలేనివి కూడా స్పష్టమే. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే తేడా ఉండదు, అది పడదు. ఓవర్‌లోడు దానికి కనబడదు, షార్ట్ సర్క్యూట్ కనబడదు. ఆర్‌సీసీబీ పెట్టాం కదా అని ముందున్న ఎంసీబీ తీసేసిన బోర్డులు నేను చూశాను. అది తలుపుకు గడియ పెట్టి గోడ పడగొట్టినట్టు.

ముప్పై, వంద, మూడు వందలు

చేతి నుంచి కాలి దాకా మనిషి ఒంటి నిరోధం పరిస్థితిని బట్టి మారుతుంది. 1500 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. గుండె లయ తప్పడానికి అది ఎక్కువే. ఇప్పుడు మూడు పరికరాలను పక్కపక్కన పెట్టండి.

30 మిల్లీ ఆంపియర్ల దానికి 150 అంటే ఐదు రెట్లు. ప్రమాణం ప్రకారం ఐదు రెట్ల దగ్గర అది 40 మిల్లీ సెకన్లలో తెగాలి. గుండె ఒక్కసారి కొట్టుకునే సమయంలో అది చిన్న ముక్క. 100 దానికి 150 అంటే ఒకటిన్నర రెట్లే. అక్కడ దానికి 300 మిల్లీ సెకన్ల దాకా గడువు ఉంది. బతకవచ్చు, బతకకపోవచ్చు. 300 దానికి 150 అంటే సగం. ఈ పరికరాలు తమ రేటింగులో సగానికీ పూర్తికీ మధ్య ఎక్కడైనా పడవచ్చు, సగం లోపు పడకూడదు. అంటే ఆ మనిషి విషయంలో అది అటో ఇటో తేల్చుకోలేని గీత మీదే నిలబడి ఉంటుంది.

మరి 300 ఎందుకు తయారు చేస్తున్నారు? నిప్పు కోసం. పాడైన తీగ నుంచి తడి గోడలోకో చెక్కలోకో కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు గంటల తరబడి కారితే అక్కడ వేడి పుట్టి అంటుకుంటుంది. పత్తి గోదాము, మిర్చి కోల్డ్ స్టోరేజీ, పెద్ద భవనం మెయిన్, ఇవి దాని చోట్లు. మనిషి చెయ్యి పడే సాకెట్‌కు అది కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో కూడా ఇళ్లకు 30, మిగతా వాటికి 100 అని హద్దు గీసి ఉంది.

రేటింగు తర్వాత చూడాల్సింది రకం. టైప్ ఏసీ అన్నది మామూలు ఏసీ (దిశ మారుతూ ఉండే) కరెంటు లీకేజీని మాత్రమే నమ్మకంగా చూస్తుంది. ఇప్పటి ఇంట్లో ఇన్వర్టర్ ఏసీ, ఇన్వర్టర్ వాషింగ్ మెషీన్, ఎల్ఈడీ లైట్లు, కంప్యూటర్లు అన్నీ లోపల ఏసీ కరెంటును డీసీగా మార్చుకునేవే. వాటిలో ఫాల్ట్ వస్తే కారే కరెంటు సగం సగం తరంగాలుగా ఉంటుంది, టైప్ ఏసీ ఉంగరం దానికి మొద్దుబారిపోవచ్చు. టైప్ ఏ తీసుకోండి. ఖర్చు కాస్త ఎక్కువ, వాదించేంత కాదు. విద్యుత్ కారుకు గోడ చార్జర్ పెట్టించుకునేవారికి మాత్రం టైప్ ఏ ఒక్కటే చాలదు. నిలకడ డీసీ లీకేజీని చూసే టైప్ బీ కావాలి, లేదా చార్జర్ లోపలే 6 మిల్లీ ఆంపియర్ల డీసీని పట్టే ఏర్పాటు ఉండాలి. అది ఉందో లేదో చార్జర్ పుస్తకంలో రాసి ఉంటుంది. సోలార్ కప్పులవారు కూడా ఇన్వర్టర్ పుస్తకమే చూడాలి. వాన పడి పలకలు తడిసినప్పుడు వాటి నుంచి నేలకు సహజంగానే కొంత కరెంటు కారుతుంది. ఆ దారిలో గుడ్డిగా 30 పెడితే వానొచ్చిన ప్రతిసారీ ఉత్పత్తి ఆగుతుంది.

ఒక్కటే పెద్దదా, సర్క్యూట్‌కొకటా

రెండు పడక గదుల ఫ్లాటుకు మెయిన్‌లో ఒక 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాని కింద ఎంసీబీలు. చవకైన దారి ఇది, చాలా ఇళ్లకు సరిపోతుంది. చిక్కు ఏమిటంటే గీజర్ పాడైతే ఇల్లంతా చీకటి. రాత్రి పూట, వానలో, వృద్ధులు ఒంటరిగా ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. పైగా చీకట్లో విసిగి దాన్ని తప్పించి తీగ నేరుగా కలిపేసేవారు ఉంటారు. నా అనుభవంలో ఆర్‌సీసీబీకి పెద్ద శత్రువు తుప్పు కాదు, విసుగు.

రెండో దారి ఆర్‌సీబీఓ. ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఒకే డబ్బాలో. బాత్రూము గీజర్, వాషింగ్ మెషీన్, వంటగది, బయట మోటారు, ఈ నాలుగు తడి చోట్లకు తలా ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ, మిగతా సర్క్యూట్లకూ 30 రకమే పెట్టి, మెయిన్‌లో ఆలస్యంగా పడే 100 లేదా 300 రకం పెడితే లోపం ఉన్న చోటే కరెంటు పోతుంది. ఆలస్య రకం మీద చదరపు గడిలో ఎస్ అన్న అక్షరం ఉంటుంది. అది లేని మామూలు 100 దాన్ని పైన పెడితే, పెద్ద ఫాల్ట్‌కు కిందిదీ పైదీ కలిసి పడతాయి. సొంత ఇల్లు కట్టుకునేవారికి నా ఓటు దీనికే. టైల్స్‌కు పెట్టే ఖర్చు ముందు ఇదెంత?

ఆర్‌సీబీఓ కొనేటప్పుడు ఒక మెలిక ఉంది, దుకాణంలో ఎవరూ చెప్పరు. కొన్ని ఎలక్ట్రానిక్ రకాలు. అవి పనిచేయడానికి వాటికే సరఫరా కావాలి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందనుకోండి, మన దగ్గర గాలివానల్లో తెగుతూనే ఉంటుంది. ఫేజ్ ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, పరికరం మాత్రం నిద్రపోతుంది. సరఫరా వోల్టేజీ మీద ఆధారపడని రకం అడిగి తీసుకోండి.

చిన్న ఆఫీసు, కంప్యూటర్ సెంటర్ నడిపేవారికి లెక్క వేరు. ఒక్కో కంప్యూటర్ ఏ లోపమూ లేకుండానే ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌లోకి వదులుతుంది. పదిహేను కంప్యూటర్లను ఒకే 30 మీద పెట్టి, ఊరికే పడుతోందని పరికరాన్ని తిట్టడం అన్యాయం. పడమనే మనం చెబుతున్నాం. ఎప్పుడూ కారే కరెంటు పరికరం రేటింగులో మూడో వంతు దాటకుండా చూసుకోవాలి. నాలుగైదు కంప్యూటర్లకు ఒకటి చొప్పున విడగొట్టండి. రేటింగు పెంచడం దీనికి మందు కాదు.

ఇళ్లలో ఊరికే పడిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇన్వర్టర్. పాత వైరింగ్‌లో ఇన్వర్టర్ పెట్టినప్పుడు అన్ని గదుల న్యూట్రల్‌నూ ఒకే చోట ముడేస్తారు. ఫేజ్ ఆర్‌సీసీబీ లోంచి పోయి, న్యూట్రల్ వేరే దారిలో తిరిగొస్తే కాపలాదారు లెక్క తప్పుతుంది. ఆ సర్క్యూట్ల న్యూట్రల్ విడదీసి, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు వేరే ఆర్‌సీసీబీ పెట్టడమే దారి. పల్లెల్లో ఇంకో పద్ధతి ఉంది: న్యూట్రల్ పోయిందని ఎర్త్ కడ్డీనే న్యూట్రల్‌గా వాడుకోవడం. అక్కడ ఆర్‌సీసీబీ పెట్టిన క్షణమే పడుతుంది. అది దాని తెలివి.

ఇక ఆ టి అక్షరం బొత్తాం. నెలకోసారి నొక్కండి. అది ఉంగరాన్ని తప్పించి చిన్న కరెంటు పంపి, పరికరం కొక్కెం జారుతోందా లేదా చూస్తుంది. మీ ఎర్త్ గుంత బాగుందని మాత్రం అది చెప్పదు. నొక్కినా పడకపోతే దాన్ని ఆ రోజే మార్చాలి.

బోరు మోటారు దగ్గర

పొలం దగ్గర అసలు ప్రమాదం మోటారులో కాదు, స్టార్టర్ డబ్బాలో. మోటారు ఎక్కడో నేల అడుగున ఉంటుంది, రైతు చెయ్యి పడేది ఇనుప డబ్బా మీద, అదీ తడి చేత్తో, చెప్పులు విప్పి, గట్టు మీద నిలబడి. ఆటో స్టార్టర్లు వచ్చాక మోటారు ఎప్పుడు తిరుగుతుందో రైతుకే తెలియదు, డబ్బాలో మాత్రం ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

ఇక్కడ రెండు దారులు. మొదటిది నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ, 100 మిల్లీ ఆంపియర్లది, స్టార్టర్‌కు ముందు. 30 పెట్టాలని మనసుకు ఉన్నా, నీళ్లలో మునిగిన మోటారు, వందల అడుగుల కేబులు, నీళ్లలోనే ఉండే జాయింటు, ఇవన్నీ కలిసి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కొంత వదులుతాయి. రెండు వానాకాలాలు గడిచాక 30 నిలవదు, రైతు దాన్ని పీకేస్తాడు. పీకేసిన 30 కంటే నిలబడిన 100 నయం. దానితో పాటు స్టార్టర్‌కు సొంత ఎర్త్ కడ్డీ ఉంటే, 100 దగ్గర పడే పరికరానికి గుంత 50 ఓమ్‌లు ఉన్నా డబ్బా మీద నిలిచేది 5 వోల్టులే. డబ్బానే ప్లాస్టిక్‌ది పెడితే ఇంకా మంచిది.

రెండోది ఎర్త్ లీకేజీ రిలే, అంటే ఈఎల్‌ఆర్. దానికి విడిగా ఒక పెద్ద ఉంగరం వస్తుంది, సీబీసీటీ అంటారు. కేబులు మొత్తం అందులోంచి దూరుస్తారు. తేడా వస్తే రిలే స్టార్టర్‌లోని కాంటాక్టరును, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌ను, వదిలేస్తుంది. ఎన్ని మిల్లీ ఆంపియర్లకు, ఎంత ఆలస్యంగా పడాలో తిప్పి పెట్టుకోవచ్చు. మోటారు పాడవడం మొదలైన సంగతి ముందే తెలుస్తుంది. కానీ కాంటాక్టరుకు ముందు వచ్చిన ఫాల్ట్‌ను అది తెంచలేదు. కాంటాక్టర్ కొసలు అతుక్కుపోతే రిలే ఎంత అరిచినా ప్రయోజనం లేదు. చిన్న రైతుకు ఆర్‌సీసీబీ, పెద్ద మోటారు ఉన్న ఎత్తిపోతల, తాగునీటి పంపులకు ఎంసీసీబీని (పెద్ద బ్రేకర్‌ను) షంట్ ట్రిప్ చుట్టతో పడగొట్టే ఈఎల్‌ఆర్. ఇది నా విభజన.

మిల్లులు, సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవాళ్లు

రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు యజమానులతో మాట్లాడితే "మాకు ప్యానెల్‌లో ఎర్త్ ఫాల్ట్ రిలే ఉంది" అంటారు. ఉంటుంది. అది ఎలా చూస్తోందన్నది ప్రశ్న.

పాత పద్ధతిలో మూడు ఫేజ్‌లకు ఉన్న మూడు సీటీలను (కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను) కలిపి, వాటి మొత్తంలో మిగిలినదాన్ని రిలేకు ఇస్తారు. 200/5 సీటీల మీద (200 ఆంపియర్లను 5గా తగ్గించి చూపేవి) 10 శాతం అమరిక అంటే 20 ఆంపియర్లు. అంతకంటే తక్కువ ఫాల్ట్‌కు అది గుడ్డిది. ఇంకా తగ్గిద్దామంటే, పెద్ద మోటారు ఎత్తుకునేటప్పుడు మూడు సీటీలూ ఒకేలా ప్రవర్తించక లేని తేడా చూపిస్తాయి, మిల్లు ఆగిపోతుంది. అన్ని ఫేజ్‌ల కేబుళ్లనూ ఒకే ఉంగరంలోంచి దూర్చే సీబీసీటీకి ఈ బాధ తక్కువ. అది వందల మిల్లీ ఆంపియర్లను కూడా చూస్తుంది. కాబట్టి మెయిన్ ఇన్‌కమర్‌కు (సరఫరా లోపలికొచ్చే చోట) మూడు సీటీల పద్ధతి, ఒక్కో మోటారు ఫీడరుకు సీబీసీటీ. కేబులు లావు వల్ల మెయిన్‌లో ఉంగరం పట్టదు కూడా.

సీబీసీటీ బిగించడంలో రెండు తప్పులు మాటిమాటికీ చూస్తాను. ఒక మిల్లులో ఈఎల్‌ఆర్ రోజుకు నాలుగుసార్లు పడుతోందని, రిలేనే రెండుసార్లు మార్చారు. వెళ్లి చూస్తే ఉంగరంలోంచి మూడు ఫేజ్‌లే వెళ్లాయి. న్యూట్రల్ పక్కనుంచి వెళ్లింది. లైట్లు వేసిన ప్రతిసారీ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు దానికి లీకేజీలాగే కనబడుతుంది. రెండో తప్పు దీనికి తలకిందులు: ఎర్త్ తీగను కూడా ఉంగరంలోంచి పంపడం. అప్పుడు ఫాల్ట్ కరెంటు పోయిన దారినే తిరిగొచ్చి లెక్క సరిపోతుంది, రిలే ఎప్పటికీ పడదు. మొదటి తప్పు రోజూ అరుస్తుంది కాబట్టి దొరుకుతుంది. రెండోది దొరికేది ఎవరైనా పడ్డాకే.

సొంత 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవారికి ఇంకో సంగతి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పై వైపు చుట్టలు డెల్టా (న్యూట్రల్ లేని కలయిక), కింది వైపు స్టార్ (న్యూట్రల్ ఉన్నది). కింద 415 వోల్టుల వైపు ఒక ఫేజ్ నేలకు తగిలితే, పై వైపు అది రెండు ఫేజ్‌ల మధ్య లోడులా కనిపిస్తుంది తప్ప ఎర్త్ ఫాల్ట్‌లా కనిపించదు. అందువల్ల 11 కేవీ ప్యానెల్‌లోని ఎర్త్ ఫాల్ట్ రిలే కింది వైపు ఫాల్ట్‌ను ఎప్పటికీ చూడదు. దానికోసం ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు దిగే పట్టీ మీదే ఒక సీటీ పెట్టాలి. అది కింది వైపు ఏ మూల ఫాల్ట్ వచ్చినా చూస్తుంది. ఏ మూలో చెప్పలేదు కాబట్టి కాస్త ఆలస్యంతో, చివరి కాపలాగా అమర్చుతారు. ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదైనదైతే న్యూట్రల్ సీటీనీ మూడు ఫేజ్‌ల సీటీలనూ పోల్చే రెస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్ పద్ధతి ఉంది. అది చుట్టల లోపలి ఫాల్ట్‌నే చూస్తుంది, ఆలస్యం లేకుండా చూస్తుంది. చిన్న మిల్లుకు మొదటిది చాలు.

మిగిలినవి

కొన్నిచోట్ల పడిపోవడమే ప్రమాదం. ఆపరేషన్ థియేటర్‌లో కత్తి చేతిలో ఉండగా కరెంటు పోకూడదు. అక్కడ నేలతో సంబంధం లేని విడి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఇన్సులేషన్ తగ్గుతుంటే మోగే మానిటర్ పెడతారు. మొదటి ఫాల్ట్‌కు మోత మాత్రమే. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు గనుల్లో ఆలోచన ఇంకో రకం. భూగర్భంలో 1100 వోల్టుల లోపు వ్యవస్థల్లో న్యూట్రల్‌ను నిరోధం ద్వారా ఎర్త్ చేసి ఫాల్ట్ కరెంటే 750 మిల్లీ ఆంపియర్లు దాటకుండా కట్టేస్తారు. మీథేన్ ఉన్న చోట నిప్పురవ్వ పెద్దది కాకూడదు కదా. ఇవి నాబోటి వాళ్లు చేసే పనులు కావు, తెలిసి ఉంటే మంచిది.

వినాయక మండపాలకు, పెళ్లి పందిళ్లకు మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఇనుప గొట్టాలు, సీరియల్ లైట్లు, వాన, చుట్టూ పిల్లలు. సరఫరా తీసుకున్న చోటే ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ పెట్టిన డబ్బా ఒకటి కొని ఉంచుకుంటే ఏటా పనికొస్తుంది.

పొలంలో తీగ తెగి పడితే సబ్‌స్టేషన్ రిలే పడే ఉంటుందనుకోవద్దు. ఎండిన చెలక మీద పడిన 11 కేవీ తీగ నుంచి నేలలోకి పోయే కరెంటు రిలే అమరికకు అందనంత తక్కువగా ఉండవచ్చు. తీగ బురద మడిలో పడితే రిలే వెంటనే పడుతుంది, ఎండు నేల మీద పడితే తీగ కరెంటుతోనే నిశ్శబ్దంగా పడుకుని ఉంటుంది. దూరంగా నిలబడి 1912కు ఫోను చేయడం తప్ప మీ చేతిలో ఉన్న పరికరం ఏదీ లేదు.

ఇక మాస్టారు ఇల్లు. ఫ్రిజ్ ఎర్త్ తీగ బిగించి, 300 తీసి 30 పెట్టాను. మర్నాడు వాన పడింది, పరికరం పడింది. ఆరాక నిలిచింది. మళ్లీ వాన, మళ్లీ పడింది. "అతను ముందే చెప్పాడు కదా" అన్నట్టు ఆయన నా వైపు చూశారు. నేను 300 తిరిగి పెట్టలేదు. ఇలాంటప్పుడు చేయాల్సింది ఒకటే. అన్ని ఎంసీబీలూ దించి, పరికరాన్ని ఎత్తి, ఒక్కొక్క ఎంసీబీ ఎత్తుతూ ఎక్కడ పడుతుందో చూడాలి. మేడ మీది లైట్ల సర్క్యూట్ దగ్గర పడింది. లైట్లన్నీ విప్పినా పడింది. అంటే లోపం తీగలోనే. ఆ సర్క్యూట్‌ను బోర్డు దగ్గర విడదీసి మెగ్గర్ (తీగ పైపొర నిరోధం కొలిచే మీటరు) పెడితే ఫేజ్ తీగకూ ఎర్త్‌కూ మధ్య మెగా ఓమ్‌లలో ఉండాల్సింది కొన్ని వేల ఓమ్‌లే చూపించింది.

మేడ మెట్ల పక్క గోడకు దండెం కోసం ఒక మేకు కొట్టి ఉంది. లోపలి పైపును చీల్చి, ఫేజ్ తీగ పైపొరను గీరి ఆగింది. గోడ పొడిగా ఉన్నంతసేపు ఏమీ లేదు. తడిస్తే మేకు లోంచి, దానికి కట్టిన జీఐ తీగ మీదుగా, అవతల రేకుల షెడ్డు గొట్టంలోకి కరెంటు దిగుతోంది. ఆ మేకు ఎప్పుడు కొట్టారని అడిగాను. ఆయన లోపలికి చూసి "ఎప్పుడే అది?" అని కేకేశారు. ఇల్లు చేరిన ఏడాదే అని లోపలి నుంచి అమ్మగారి జవాబు. అంటే నాలుగేళ్లు. వాన మొదలవగానే బట్టలు తీయడానికి రోజూ మేడెక్కేది ఆవిడే.